పరపతి – ఋణం: ‘యజ్ఞం’ కథలో అప్పు, కథానిలయంలో అక్షరం

వ్యాససంగ్రహం

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అప్పు, లేదా అప్పు పుట్టే యోగ్యత. రెండోది సమాజంలో చెల్లుబాటయ్యే పలుకుబడి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ మొదటి అర్థంలోని పరపతి ఒక పేద కుటుంబాన్ని తరాల పాటు ఎలా బంధిస్తుందో చూపింది. ఆయన జీవిత ఉత్తరార్ధంలో చేసిన పని, ముఖ్యంగా కథానిలయ స్థాపన, రెండో అర్థంలోని పరపతిని అది లేనివారికి అందించే ప్రయత్నం. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు ఉత్తరాంధ్ర కథాసాహిత్యంలో పేదరికం ఎలా చిత్రితమైంది, ఆ పేదరికం నుంచి వచ్చిన మొదటితరం చదువరులకు ఎలాంటి మార్గదర్శనం అవసరం అనే రెండు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా కనిపిస్తాయి. ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: యజ్ఞం, కారా, చాసో, కథానిలయం, ఉత్తరాంధ్ర, అప్పు, పరపతి, మార్గదర్శనం, మొదటితరం పరిశోధకులు.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్లుగా స్నాతకోత్తర విద్యార్థులకు ‘యజ్ఞం’ బోధిస్తున్నాను. ప్రతి ఏడాదీ తరగతిలో చర్చ కథ ముగింపు దగ్గరికే చేరేది. సీతారాముడు తన బిడ్డను చంపడం సమంజసమా, కాదా? అది నిస్సహాయతా, తిరుగుబాటా? విమర్శ గ్రంథాలలో ఉన్న వాదాలనే విద్యార్థులు తమ మాటల్లో చెప్పేవారు. ఒక ఏడాది, వలస కూలీల కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి వెనక వరుసలో లేచి నిలబడి, “అదంతా సరే సార్, ఆ అప్పులో ఎంత తీరిందో ఎవులైనా నెక్క కట్టినారా?” అని అడిగాడు. తరగతిలో నవ్వు వినిపించింది. అతడు వెంటనే సర్దుకొని అదే ప్రశ్నను పుస్తక భాషలో మళ్లీ అడిగాడు. రెండోసారి ఆ ప్రశ్నకు మొదటి పదును లేదు.

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఆ కథలోని అప్పును కథావస్తువుగా, సంఘర్షణకు కారణంగా వివరిస్తూ వచ్చానే తప్ప, లెక్కగా ఎన్నడూ చూడలేదు. అప్పున్న ఇంట్లో పుట్టినవాడు మాత్రం మొదట లెక్కనే చూశాడు. ఒక సమాజపు ఆర్థిక స్థితిని లోపలి నుంచి చూసే చూపు ఎక్కడిది, ఆ చూపున్నవారిని విద్యారంగం ఏం చేస్తోంది అన్న ఆలోచన అక్కడ మొదలైంది.

2. ప్రాంతం, అంకెలు

2011 జనగణన ప్రకారం నాటి శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లాది 58.89 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. అదే జనగణనలో ప్రతి వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది స్త్రీలు నమోదయ్యారు. ఈ రెండో అంకెను ఏ ఒక్క కారణానికో ముడిపెట్టడం సరికాదు. అయితే ఈ నేల మీద మగవాళ్ల వలస కొత్తది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. వలసపాలన కాలంలో ఇక్కడివారు రంగం వెళ్లారు, రంగమంటే రంగూన్. నేటి తరం హైదరాబాదు భవన నిర్మాణానికీ, విశాఖపట్నం పరిశ్రమలకూ, తీరప్రాంత మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకూ వెళుతున్నారు. 2018లో వెరావల్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు.

అంకెలు ఫలితాన్ని చెబుతాయి. ఆ ఫలితం ఏ దారిన వచ్చిందో చెప్పడానికి ఇంటి లోపలికి వెళ్లాలి. ఉత్తరాంధ్ర కథ ఆ పని చేసింది. గురజాడ నుంచి చాసో, రావిశాస్త్రి, కారాల దాకా ఈ ప్రాంతపు కథకులలో డబ్బు లెక్క మీద ఉన్న శ్రద్ధ యాదృచ్ఛికం కాదు. డబ్బు చాలని చోట ప్రతి అనుబంధమూ ఏదో ఒకనాడు లెక్కలోకి రాక తప్పదని వారికి తెలుసు.

3. బడి గుమ్మం బయట

‘యజ్ఞం’లోకి వెళ్లే ముందు చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ కథను ఒకసారి తలచుకోవాలి. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో జీవించిన చాసో (1915–1994) ఈ చిన్న కథలో ఒక సంపూర్ణ ఆర్థిక దృశ్యాన్ని ఇమిడ్చాడు. కృష్ణుడు చదువంటే ఇష్టమున్న పిల్లవాడు. తండ్రికి స్తోమత లేక చదువు ఆగిపోయింది. తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. ఆ దారి బడి ముందు నుంచి పోతుంది. తోటిపిల్లలు లోపల, తాను బయట.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. తండ్రి కొడుకును ప్రేమించనివాడు కాడు. బడిలో చేర్చుకోమని ఎవరూ కులం పేరు చెప్పి అడ్డుకోలేదు. పిల్లవాడిని ఆపింది జీతం, పుస్తకాల ఖర్చు. అయితే పిల్లవాడు అనుభవించేది లేమి కన్నా సిగ్గును. బడి దారిలో నడవలేకపోవడం, స్నేహితుల కంట పడకూడదనుకోవడం ఆ కథకు ప్రాణం. చదువుకు దూరమైనవారు ఆ దూరాన్ని తమ లోపంగా భావించేలా చేయడమే లేమి చేసే అసలు నష్టమని చాసో గుర్తించాడు. నా తరగతిలో ఆ విద్యార్థి తన పలుకును సర్దుకోవడం ఆ సిగ్గుకే మరో రూపం.

చాసో కథలో ఒక తరం కష్టం ఉంది. కారా దాన్ని మూడు తరాలకు విస్తరించాడు.

4. ‘యజ్ఞం’: తాకట్టు పెట్టిన వస్తువు ఏది?

1960ల దశకంలో వెలువడిన ‘యజ్ఞం’ ఇతివృత్తం సాహిత్య విద్యార్థులందరికీ పరిచితమే. సుందరపాలెం ఒక ఆదర్శ గ్రామం. గాంధేయ ఆదర్శాల మనిషి, పంచాయతీ పెద్ద శ్రీరాములు నాయుడి చొరవతో ఊరు ప్రగతి బాటలో నడిచింది. ఆ ఊరి దళితుడు అప్పల్రాముడు షావుకారు గోపన్నకు బాకీ పడ్డాడు. తగవు పంచాయితీకి వచ్చింది. అప్పు తీసుకోలేదని అప్పల్రాముడు అనడు. ఊరందరూ కష్టపడ్డారు, ఊరు బాగుపడిందంటున్నారు, మరి తాను ఇలా ఎందుకయ్యాడన్నదే అతడి ప్రశ్న. చివరికి భూమి అమ్మి బాకీ తీర్చాలన్న తీర్పుకు అతడు తలవంచుతాడు. పెద్దకొడుకు సీతారాముడు తన పసిబిడ్డను నరికి పంచాయితీ ముందుకు తెస్తాడు.

ఈ కథ మీద వచ్చిన విమర్శ విస్తారమైనది. స్థూలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. శ్రీరాములు నాయుడి ఆదర్శం వెనక దాగిన వర్గ ప్రయోజనాన్ని బయటపెట్టిన కథగా దీన్ని చదవడం ఒకటి. ముగింపులోని హింస పాత్రౌచిత్యానికి, ఉద్యమ దృక్పథానికి తగినదా అని తర్కించడం రెండోది. రెండూ అవసరమైనవే. అయితే రెండింటిలోనూ అప్పు ఒక నేపథ్యంగానే మిగిలిపోయింది. విద్యార్థి అడిగిన ప్రశ్నతో మళ్లీ చదివితే కథ మరోలా తెరుచుకుంటుంది.

అప్పు పత్రంలో కనిపించేవి అసలు, వడ్డీ. పేదవాడి అప్పులో పత్రానికి ఎక్కని మూడో పద్దు ఒకటి ఉంటుంది. అది కాలం. ఉన్నవాడు అప్పును సొమ్ముతో తీరుస్తాడు. లేనివాడు ఏళ్లతో తీరుస్తాడు. తన ఏళ్లు చాలకపోతే కొడుకు ఏళ్లు, అవీ చాలకపోతే మనవడి ఏళ్లు. భూమి పోయిన మరుక్షణం అప్పల్రాముడి కుటుంబానికి మిగిలేది రెక్కలే. ఆ రెక్కల కష్టం ఎవరి చేలో, ఎవరు నిర్ణయించిన కూలికి సాగాలన్నది ఇక వారి చేతిలో ఉండదు. అంటే పత్రం మీద తాకట్టు ఏదైనా, కథలో నిజంగా తాకట్టు పడింది తర్వాతి తరం. ఈ సంగతి పంచాయితీలో ఎవరూ పలకరు. సీతారాముడు ఒక్కడే గ్రహించాడు. అతడి చర్యను ఉన్మాదమనీ, తిరుగుబాటనీ అనడం కన్నా కఠినమైన అర్థం ఒకటి కనిపిస్తుంది: అతడు తాకట్టు వస్తువును ధ్వంసం చేశాడు. లెక్కను అందరికన్నా సరిగా చదివినవాడు అతడే. చదివిన లెక్కను చెప్పడానికి అతడి దగ్గర కత్తి తప్ప మరో సాధనం లేకపోవడమే కథలోని విషాదం.

ఈ దృష్టితో చూస్తే కథ శీర్షిక కూడా మరింత లోతు చూపుతుంది. మన సంప్రదాయం మనిషి మూడు ఋణాలతో పుడతాడంటుంది. యజ్ఞం చేసి దేవఋణం, సంతానాన్ని కని పితృఋణం, అధ్యయనం చేసి ఋషిఋణం తీర్చుకోవాలి. కారా కథలో ఊరు ప్రగతి అనే యజ్ఞం చేసింది. ఆ యజ్ఞానికి ఆహుతి పితృఋణం తీర్చాల్సిన బిడ్డ. పితరుల అప్పు తీర్చడానికి పుట్టినవాడు షావుకారు అప్పు కింద జమ అయ్యే స్థితి వచ్చింది. ఇక మూడో ఋణం ఊసు కథలో లేదు. అధ్యయనమే నిషిద్ధమైన కులంలో పుట్టినవారికి ఋషిఋణం అనే మాటకు చరిత్రలో చాలాకాలం అర్థమే లేదు. కథ వదిలేసిన ఆ మూడో ఋణం గురించి కారా ఆ తర్వాతి జీవితంలో పనిచేశాడని నా ప్రతిపాదన. దానికి ముందు కథలోని ఒక పరిమితిని చెప్పుకోవాలి.

5. కథ చూపినది, చూపనిది

‘యజ్ఞం’ బలం నిందను వ్యక్తుల మీద నుంచి వ్యవస్థ మీదికి మళ్లించడంలో ఉంది. గోపన్న మోసగాడని తేలితే కథ సులువుగా ముగిసేది. శ్రీరాములు నాయుడు కపటి అని తేలినా అంతే. నాయుడు తన ధర్మాన్ని నమ్మిన మనిషి. అతడి న్యాయంలో ఇచ్చినమాట, తీసుకున్న అప్పు, తీర్చే బాధ్యత అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. బజారుతో ముడిపడిన కొత్త ఆర్థిక జీవితంలో లాభనష్టాలు అందరికీ సమానంగా పంచబడవన్న ఎరుక. రుజువర్తనుడి తీర్పు నుంచే అన్యాయం పుట్టడం ఈ కథను ప్రచారసాహిత్యం నుంచి వేరు చేస్తుంది.

ఈ కథను నాటి చరిత్ర పక్కన పెట్టి చూడాలి. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970లో దానికి వచ్చిన సవరణగా ప్రసిద్ధమైన 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోవడాన్ని అరికట్టడానికి పుట్టాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న కాల్పుల్లో మరణించారు. శ్రీకాకుళ గిరిజనోద్యమం వెనక భూమితో పాటు షావుకార్ల అప్పు కూడా ఉంది. దేశవ్యాప్తంగా వెట్టిచాకిరీని రద్దుచేసిన చట్టం 1976లో వచ్చింది. అప్పు మనుషుల్ని తరాల పాటు కట్టివేస్తుందన్న సత్యాన్ని చట్టం అంగీకరించడానికి సుమారు దశాబ్దం ముందే ఒక కథ చెప్పగలిగింది.

చూపని వైపు కూడా ఉంది. తగవు జరిగే చోట మాట మగవాళ్లది. అప్పు ఇల్లాలి కష్టాన్ని ఎలా వాడుకుంటుందో, బిడ్డను కన్నతల్లి ఆ లెక్కను ఎలా చదువుతుందో ‘యజ్ఞం’ వినిపించదు. ఈ లోటు కారాకు తెలియనిది కాదనడానికి ‘ఆర్తి’ కథ సాక్ష్యం. కూలికి పోయే ఆడపిల్ల పుట్టింట ఉండాలా, అత్తింట ఉండాలా అన్న విషయమై రెండు పేద కుటుంబాల మధ్య రేగిన తగవు ఆ కథ. పిల్ల మీద ఇరువైపులా ఉన్న మమకారం నిజమే, ఆమె తెచ్చే కూలి అవసరమూ నిజమే. స్త్రీ శ్రమను ఆధారంగా చేసుకున్న ఇంటి ఆర్థికాన్ని ‘ఆర్తి’ ఎంత స్పష్టంగా చూపిందో గమనిస్తే, ‘యజ్ఞం’ని ఒంటరిగా కాక ‘ఆర్తి’తో జతచేసి బోధించడం మంచిదనిపిస్తుంది.

మరొక పరిమితి రచయిత స్థానానికి సంబంధించినది. కారా దళితుడు కాడు. అప్పల్రాముడి ప్రశ్నను ఆయన ఎంతో నిజాయితీగా వినిపించినా, అది బయటివాడు విని చెప్పిన మాటే. అది కథకు దోషం కాదు. ఆ ఇంటి నుంచి ఒకరు వచ్చి తమ లెక్కను తామే చెప్పాలంటే ఏం కావాలన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. సీతారాముడి బిడ్డ బతికి ఉంటే, బడికి వెళ్లి ఉంటే, విశ్వవిద్యాలయం దాకా వచ్చి ఉంటే అతడికి ఎవరు ఎదురయ్యేవారు?

6. పరపతికి మరో అర్థం

శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924 నవంబరు 9న పుట్టిన కారా, 1948 నుంచి మూడు దశాబ్దాలకు పైగా విశాఖపట్నంలో ఒకే ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1970ల తర్వాత ఆయన కథలు రాయడం బాగా తగ్గింది. దీన్ని చాలామంది మౌనమన్నారు. ఆ కాలంలో ఆయన చేసిన పని చూస్తే ఆ మాట అంతగా అతకదు. ఆయన ఇతరుల కథలు చదివాడు. ‘నేటి కథ’ శీర్షిక ద్వారా కొత్తవారిని వెలుగులోకి తెచ్చాడు. కథ రాయాలనుకునేవారికి పనికివచ్చేలా ‘కథాకథనం’ రాశాడు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారాల రూపంలో వచ్చిన సొమ్మును వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని ప్రారంభించాడు. 2021 జూన్ 4న కన్నుమూసే దాకా ఆయన ఆలోచన దాని చుట్టూనే తిరిగింది.

కథానిలయాన్ని గ్రంథాలయంగా, తెలుగు కథకు భాండాగారంగా ప్రశంసించడం పరిపాటి. దాన్ని మార్గదర్శన సంస్థగా చూస్తే మరింత అర్థమవుతుంది. పరిశోధనలో మొదటి అడ్డంకి మూలం దొరకకపోవడం. పాత పత్రికల సంపుటాలు పెద్ద నగరాల్లో, పెద్ద సంస్థల్లో, తెలిసినవారుంటే తప్ప తెరుచుకోని బీరువాల్లో ఉంటాయి. అక్కడికి చేరడానికి ప్రయాణ ఖర్చు, బస, పరిచయ లేఖ, మాట చెప్పేవారు కావాలి. ఒక్క మాటలో చెప్పాలంటే పరపతి కావాలి. పరపతి ఉన్నవాడికి గోపన్న అప్పిస్తాడు, పరపతి ఉన్నవాడికి బీరువా తెరుచుకుంటుంది. తెలుగు భాష ఈ రెండు సంగతులకూ ఒకే మాట వాడడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. కథానిలయం ఆ బీరువాను జిల్లా కేంద్రానికి తెచ్చి, అడిగినవారికల్లా తెరిచింది. తిరిగి చెల్లించనక్కర్లేని పరపతి అది.

ఈ నేల మీద ఇటువంటి పనికి పూర్వరూపం గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) జీవితంలో ఉంది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరాడు. సవరల భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడుల కోసం పాటుపడ్డాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. సవరలను ‘అధ్యయనం చేయవలసిన తెగ’గా చూసిన పండితులు వేరే ఉన్నారు. గిడుగు వారిని చదువరులుగా భావించాడు. ఆ తేడా ముఖ్యమైనది. వ్యావహారిక భాషోద్యమాన్ని ఒక శైలీ వివాదంగా కుదించి చెప్పే అలవాటు మనకుంది. పలుకు కారణంగా ఎవరూ చదువుకు సిగ్గుపడకూడదన్న విద్యాదృష్టి దాని వేరు. కృష్ణుడి సిగ్గుకూ, నా విద్యార్థి సర్దుబాటుకూ సమాధానం అక్కడ ఉంది.

7. కొలిచేవారెవరు?

ఒక సమాజపు ఆర్థిక ఫలితాలను అధ్యయనం చేయడం, ఆ సమాజం నుంచి అధ్యయనకర్తలను తయారుచేయడం అనే రెండు పనుల మధ్య సంబంధం ఉత్తరాంధ్రకే పరిమితం కాదు. అమెరికాలో స్పానిష్ భాషామూలాలు గల హిస్పానిక్ ప్రజల వేతనాలు, ఉపాధి, విద్య గురించిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ తమ రంగంలో మైనారిటీ వర్గాల స్థితిగతులను పరిశీలించడానికి 1968లో ఒక సంఘాన్ని నియమించింది. 1974 నుంచి ఆ వర్గాల విద్యార్థులకు వేసవి శిక్షణ ఇస్తోంది. హిస్పానిక్ ఆర్థికవేత్తలకు ప్రత్యేక సంఘమూ ఉంది. మేరీ మోరా వంటి ఆర్థికవేత్తలు ఒకవైపు హిస్పానిక్ ప్రజల ఆర్థిక స్థితిపై పరిశోధిస్తూ, మరోవైపు మైనారిటీ పరిశోధకులకు మార్గదర్శన కార్యక్రమాలను నడిపారు. ఇవి ఒకరికి ఉన్న రెండు ఆసక్తులని అనుకోనక్కర్లేదు. ఏ ప్రశ్న అడగాలో తెలిసినవారు లేకపోతే అంకెలు ఎన్నున్నా లెక్క తేలదు. మొదటి పని పూర్తికావాలంటే రెండోది తప్పదు.

మన దేశంలో దీనికి అత్యున్నత ఉదాహరణ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ ఆర్థికవేత్త ఎడ్విన్ సెలిగ్‌మన్ ఆయనకు గురువు. రూపాయి సమస్యపై ఆయన గ్రంథం 1923లో వచ్చింది. రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించిన 1925 నాటి గ్రంథానికి సెలిగ్‌మన్ ముందుమాట రాశాడు. బరోడా వేతనం వెనక సంస్థానంలో ఉద్యోగం చేయాలన్న ఒప్పందం ఉంది. 1917లో ఆ ఒప్పందం ప్రకారం బరోడా వెళ్లిన ఆ విద్వాంసుడికి ఊరిలో నిలువనీడ దొరకలేదు. ఇక్కడ రెండు రకాల పరపతి పక్కపక్కన కనిపిస్తుంది. వేతనం ఆయనను చదివించింది, సందేహం లేదు. కాని చదివించిన వ్యవస్థే ఆ చదువుకు నీడ ఇవ్వలేకపోయింది. డబ్బు సాయం తలుపు దాకా తీసుకువెళుతుంది. లోపల కూర్చోబెట్టడానికి మనిషి కావాలి.

పోలికకు హద్దులున్నాయి. అమెరికా వలస సమాజానికీ ఇక్కడి కుల సమాజానికీ చరిత్ర వేరు. కారా తీర్చిదిద్దినది కథకులను, ఆర్థికవేత్తలను కాదు. అయితే ‘యజ్ఞం’ వంటి కథ కూడా ఒక ఆర్థిక పరిశీలనే అని ఒప్పుకుంటే, ఆ పరిశీలనను తర్వాతి తరం చేతికి అందించడం ఒకే కోవకు చెందిన పని అవుతుంది. ‘శిలకోల’ కథలతో మల్లిపురం జగదీశ్ ఆదివాసీ జీవితాన్ని లోపలి నుంచి చెప్పినప్పుడు, విని చెప్పిన కథకూ బతికి చెప్పిన కథకూ ఉన్న తేడా పాఠకుడికి తెలుస్తుంది.

8. మన పరిశోధన రంగం

ఉత్తరాంధ్రలో ఉన్నత విద్యాసంస్థలు పెరిగాయి. విజయనగరం మహారాజా కళాశాల 1879 నుంచి ఉంది. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం అంబేద్కర్ పేరు ధరించింది. ఒక ఆర్థికవేత్త పేరున్న విశ్వవిద్యాలయం వలసల జిల్లాలో ఉండడం ఆలోచించదగిన విషయం. 2019లో విజయనగరం జిల్లాకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. భవనాల దూరం తగ్గింది. తగ్గనిది పరపతి దూరం.

ప్రవేశపరీక్షలు, ఫెలోషిప్పుల గడువులు, పర్యవేక్షకుడిని ఎలా సంప్రదించాలి, పరిశోధన ప్రతిపాదన ఎలా ఉంటుంది, వ్యాసాన్ని పత్రికకు ఎలా పంపాలి, సమీక్షకుడు తిప్పి పంపితే ఏం చేయాలి: ఇవేవీ పాఠ్యప్రణాళికలో ఉండవు. చదువుకున్న ఇళ్లలో ఇవి భోజనాల దగ్గర మాటల్లో తెలిసిపోతాయి. మొదటితరం విద్యార్థికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోవడం వివక్షగా కనబడదు, అందువల్ల దాన్ని ఎవరూ లెక్కించరు.

ఇది పరుల తప్పుగా చెప్పడం నాకు తగదు. పైన చెప్పిన విద్యార్థి ఆ ఏడాది మంచి మార్కులతో చదువు ముగించి హైదరాబాదులో పనికి వెళ్లాడు. జె.ఆర్.ఎఫ్. వస్తే చదువుకుంటూ ఇంటికి డబ్బు పంపవచ్చని అతడికి తెలియదు. నేను చెప్పలేదు. దాచాలని కాదు, ఆ మాత్రం తెలిసే ఉంటుందనుకున్నాను. శ్రీరాములు నాయుడి రుజువర్తనం గురించి తరగతిలో అంతసేపు మాట్లాడిన నేను, మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన ఫలితం మంచిది కాదన్న ఆ కథాసారాన్ని నా పనికి అన్వయించుకోలేదు. అతడి ప్రశ్న ఒక సిద్ధాంతగ్రంథానికి చాలినది. అది నా వ్యాసంలో ఇలా ఒక ఉదాహరణగా మిగలడం నాకు సంతృప్తినిచ్చే విషయం కాదు.

మరొక ప్రమాదం కూడా ఉంది. అణగారిన వర్గాల విద్యార్థి వస్తే అతడి వర్గ సాహిత్యం మీదే పరిశోధన చేయమని సూచించడం మన శాఖల్లో అలవాటుగా మారుతోంది. లోపలి చూపుకు విలువ ఉంది. కాని అది అతడికి విధించిన హద్దు కాకూడదు. అంబేద్కర్ రూపాయి మీద రాశాడు. మార్గదర్శనమంటే విద్యార్థికి అతడి జీవితాన్ని అంశంగా అప్పగించడం కాదు. ఏ అంశాన్నయినా అతడి ప్రశ్నతో చూడగల ధైర్యం ఇవ్వడం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

‘యజ్ఞం’ కథలోని అప్పు సంఘర్షణకు నేపథ్యం మాత్రమే అనుకుంటే కథ సగమే అర్థమవుతుంది. ఆ అప్పు అసలు హామీ తర్వాతి తరం కాలం. సీతారాముడి చర్యను ఆ హామీ ధ్వంసంగా చదవవచ్చు.

చాసో కథలోని సిగ్గు, కారా కథలోని అప్పు ఒకే స్థితికి రెండు ముఖాలు. లేమి చదువును ఆపుతుంది, చదువు ఆగడం లేమిని తర్వాతి తరానికి చేరుస్తుంది.

గిడుగు బడి, కారా కథానిలయం ఈ గొలుసును తెంచే ప్రయత్నాలు. రెండూ దయ మీద కాక, ఎదుటివారిని చదువరులుగా గుర్తించడం మీద నిలిచాయి.

పేద సమాజాల ఆర్థిక స్థితిని అర్థం చేసుకోవడం, ఆ సమాజాల నుంచి పరిశోధకులను తీర్చిదిద్దడం వేర్వేరు పనులు కావు. పర్యవేక్షణను పరిశోధన పద్ధతిలో భాగంగా గుర్తించాలి.

షావుకారు అప్పుకూ ఋషిఋణానికీ ఒక తేడా ఉంది. షావుకారు అప్పును ఇచ్చినవాడికే తీర్చాలి. ఋషిఋణాన్ని ఇచ్చినవాడికి తీర్చలేం. తర్వాత వచ్చినవాడికి చెప్పి తీర్చుకోవాలి. ఈ వ్యాసం చదివే అధ్యాపకులలో చాలామందికి ఒకనాడు ఎవరో ఒకరు ఒక గడువు తేదీ చెప్పి ఉంటారు, ఒక పుస్తకం చేతిలో పెట్టి ఉంటారు. ఆ బాకీ తీరే చోటు మన తరగతిలోని వెనక వరుస.